పిట్టగోడ అవతలి పెదనాయన

మా పక్కింటి పెదనాయన పోయాడన్న కబురు నాకు హిందూపురంలో అందింది. నేను పనిచేసే కాలేజీ ఆఫీసులో ఆ రోజు అడ్మిషన్ల హడావిడి. బల్ల మీద ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. తీరిక దొరికి చేస్తే, పెనుకొండలో మా ఎదురింట్లో రవికలు కుట్టే టైలరమ్మ ఎత్తింది.

"అక్కా, పెద్దాయన పోయినాడక్కా. పొద్దెక్కినా పాలపాకెట్టు గడపలోనే ఉండాది. తలుపు ఎంత తట్టినా పలకల్యా. మా ఆయన గడియ ఊడదీసి లోపలికి పోయి చూసినాడు. నిద్రలోనే పోయినట్టుండాడు. నువ్వు బిరీన రా."

బస్సు దిగి వీధి మలుపు తిరిగేసరికి షామియానా వేసేశారు. ధర్మవరం నుంచి ఆయన అన్న కొడుకు, ఇంకొందరు బంధువులు వచ్చి ఉన్నారు. నేను తలుపు దగ్గరే నిలబడిపోయాను. తల దగ్గర కూర్చున్న ఒక పెద్దావిడ నా వైపు చూసి, "నువ్వేమైతావు మ్మా ఆయనకి?" అని అడిగింది.

"పక్కిల్లు" అన్నాను.

"అట్లనా" అని ఆమె మంచిగానే తలూపింది. కానీ ఏడ్చే వాళ్ల మధ్య నాకు చోటు లేదని ఇద్దరికీ తెలిసిపోయింది. పాదాలకు దండం పెట్టుకుని బయటికొచ్చి మా అరుగు మీద కూర్చున్నాను. ఆయన నాకేమవుతాడో ఆ గుమ్మంలో నిలబడి ఒక్కమాటలో చెప్పలేకపోయాను. అందుకే ఇది రాస్తున్నాను.

నేనుండేది మా అమ్మమ్మ ఇల్లు. మట్టి మిద్దె. దూలాల మీద అడ్డంగా దంతె కర్రలు, వాటి మీద బండలు, బండల మీద జానెడు మన్ను. అవ్వ పోయాక చాలా ఏళ్లు తాళం వేసి ఉంది. కాపురం నిలవక, విడాకుల కాగితం చేతికొచ్చాక, నాకు వెళ్లడానికి రెండు చోట్లున్నాయి. ధర్మవరంలో తమ్ముడి ఇల్లు ఒకటి, ఈ తాళం వేసిన ఇల్లు ఒకటి. తమ్ముడు రమ్మన్నాడు. మరదలు కూడా రమ్మంది. ఆమె రమ్మనడానికి ముందు ఒక చిన్న విరామం వచ్చింది. నేను తాళం తీసుకున్నాను.

ఆ ఏడు మొదటి వానకే ఇల్లంతా కారింది. గిన్నెలు, బకెట్లు, చివరికి ఇడ్లీ పాత్ర కూడా కింద పెట్టి, మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చున్నాను. వాన వెలిశాక పైనుంచి ఒక గొంతు వినబడింది.

"ఎవరమ్మా ఇంట్లో? నీ మిద్దె మీద నీళ్లు నిలిచినాయి. తూము మూసుకపోయింది. ఇట్లే ఇడిస్తే మన్నంతా నాని కూలబడతాది."

నిచ్చెన ఎక్కాను. మా రెండు మిద్దెలకూ మధ్య నడుమెత్తు పిట్టగోడ. దానికి అవతల పాత ఖాకీ చొక్కా, నెత్తి మీద తువ్వాల, చేతిలో పొడుగాటి కట్టెతో ఒక ముసలాయన. రైల్వేలో పట్టాల పని చేసి రిటైరయ్యాడని, భార్య పోయి ఒక్కడే ఉంటాడని తర్వాత తెలిసింది. పిల్లల్లేరు.

"మీరు కాస్త ఇటొచ్చి తీయగలరా?" అన్నాను.

ఆయన రాలేదు. కట్టెను గోడ మీదుగా నాకు అందించాడు. "నువ్వే పొడువు. ఎడమ పక్క. ఇంగా లోపలికి. బయపడాకు, అది తూము, పాము కాదు."

పొడిచాను. కుళ్లిన ఆకులు, పిచ్చుక గూడు, ఎవరిదో చిన్నప్పటి రబ్బరు బంతి బయటికొచ్చాయి. వెనకాలే నీళ్లు భళ్లున వీధిలోకి దూకాయి. ఎన్నో నెలల తర్వాత నేను గట్టిగా నవ్వింది ఆ రోజే. ఆయన కూడా నవ్వాడు. "నీళ్లకి దావ చూపియ్యల్ల మ్మా. అడ్డం నిలబడితే మనల్నే తోసేస్తాది" అన్నాడు.

అప్పట్నుంచి ఆదివారాలు నాకు మిద్దె పనులయ్యాయి. ఆయన తన పక్కన కూర్చుని చెప్పేవాడు, నేను నా పక్కన చేసేదాన్ని. వానాకాలం ముందు చౌడు మన్ను తెప్పించి, పైన పరిచి, నీళ్లు చల్లి, చెక్కతో బాది గట్టి చేయడం నేర్చుకున్నాను. గోడను తాపీ పిడితో తట్టి, బోలుగా పలికే చోటు పట్టుకోవడం నేర్చుకున్నాను. తలుపు బిగుసుకుంటే చిత్రిక పట్టే ముందు, బందులు వదులయ్యాయేమో చూడమనేవాడు. వంగిన మేకు ఒక్కటి పారేయనిచ్చేవాడు కాదు. బండ మీద పెట్టి, సుత్తితో మెల్లగా దొర్లిస్తూ నిటారు చేసి జేబులో వేసుకునేవాడు. ఎప్పుడూ ఆయన జేబులో గలగల.

ఒకసారి వీధి వైపు పిట్టగోడలో చీలిక పూడ్చి, కనపడకుండా పైన సున్నం కొట్టబోతుంటే ఆపాడు.

"దాన్ని మూయాకు. పగిలింది కనపడల్ల. రేపు మళ్లా కదిలితే ఎట్ల తెలుస్తాది?"

"చూసేవాళ్లకు అసహ్యంగా ఉంటుంది కదా పెదనాయనా."

"చూసేకి వచ్చేటోళ్లు ఎవరుండారు మ్మా, నీకి గానీ నాకి గానీ?"

అని, అన్నాక తనే కొంచెం నొచ్చుకుని, "టీ తాగుతావా?" అని దిగిపోయాడు. టీ గ్లాసు ఎప్పుడూ ఆయన పిట్టగోడ మీద పెట్టి, చెయ్యి తీసేశాకే నేను తీసుకునేదాన్ని. మా ఇంట్లో చేసిన చిత్రాన్నమో, బొరుగుల ఒగ్గాణో అదే గోడ మీద పెట్టేదాన్ని. గిన్నె కడిగి, బోర్లించి, అక్కడే పెట్టేవాడు.

గోడ దాటి ఆయన రాడేమని మొదట్లో అనుకునేదాన్ని. ఒకసారి అడిగాను కూడా.

"నేనొచ్చి చేస్తే నీ పని ఒక పూటలో అయిపోతాది. ఊరికి మాత్రం ఏడాదికి సరిపడా పని దొరుకుతాది" అన్నాడు. ఒంటరి ఆడమనిషి గురించి ఊరు ఏమంటుందో నాకెవరూ అంత తేలికగా చెప్పలేదు.

అన్నీ ఆయనకు తెలుసని కాదు. వంటింటి గోడ పెచ్చులూడుతుంటే, సిమెంటు పూయమని చెప్పింది ఆయనే. నున్నగా పూశాను. మరుసటి వానలకు అది ఉబ్బి, లోపలి మట్టిని కూడా పట్టుకుని పలకలు పలకలుగా ఊడిపడింది. ఆ మాట చెబితే ఆయన ఊడిన పెచ్చు ఒకటి అడిగి తీసుకుని దిగిపోయాడు. మర్నాడు పొద్దున్నే పిట్టగోడ దగ్గర నిలబడి నా కోసం కాచుకుని ఉన్నాడు.

"నేను చెప్పింది తప్పు మ్మా. మట్టిగోడకి సిమెంటు ఒప్పదు. గాలాడదు దానికి. సున్నమే పట్టియ్యల్ల. నీ కష్టం ఊరికే పోగొట్టినా."

పదకొండేళ్ల కాపురంలో నేను ఒక్కసారి కూడా వినని మాట అది. కిందికి దిగొచ్చి వంటింట్లో కూర్చుని, ఆ పాడైన గోడ ముందు, బాగా ఏడ్చాను. అది బాధ కాదు. అదేమిటో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.

మూడో ఏడు నడింట్లో దూలానికి చెద పట్టింది. తమ్ముడు ధర్మవరం నుంచి వచ్చిన రోజే, గోడలోకి పోయే చోట దూలం చివర నుంచి పొడి రాలి, మా ఇద్దరి అన్నం పళ్లేల పక్కన పడింది. వాడు తల ఎత్తి చూసి, పళ్లెం పక్కకు జరిపాడు.

"చాలు అక్కా. ఇంగ మొండికేయాకు. ఈ కొంప ఏ పొద్దు నీ నెత్తిన పడతాదో తెలీదు. వచ్చే నెల బండి తెస్తా, సామాన్లు సర్దుకో."

వాడి మాటలో కోపం లేదు. భయమే ఉంది. సాయంత్రం మిద్దెక్కి, బట్టలు తీస్తూ, గోడ అవతలికి చెప్పాను. "వెళ్లిపోతానేమో పెదనాయనా."

ఆయన మేకు నిటారు చేస్తున్నవాడు సుత్తి ఆపాడు. "పోవల్లని ఉండాదా, పోవాల్సి వస్తాండాదా?"

"ఉండాలనే ఉంది. కానీ దూలం..."

"దూలం సంగతి దూలాన్ని అడుగుదాం. తొందరపడాకు."

మర్నాడు ఆదివారం, మిట్టమధ్యాహ్నం, వీధి తలుపు ముందు ఆయన గొంతు విని నేను ఉలిక్కిపడ్డాను. వీధి ఆ చివరకు కూడా వినబడేలా అరుస్తున్నాడు. "ఏమ్మా! దూలం చూసేకి వస్తాండా! టైలరమ్మా, నువ్వు కూడా రా మ్మా, తోడు!" టైలరమ్మ చిక్కుడుకాయల చేట పట్టుకొచ్చి మా గడపలో కూర్చుని ఒలుస్తూ ఉండిపోయింది. పెదనాయన నా ఇంట్లోకి అడుగుపెట్టింది ఆ రోజే.

స్టూలు ఎక్కి స్క్రూడ్రైవరుతో దూలమంతా అంగుళం అంగుళం గుచ్చి చూశాడు. నేను స్టూలు పట్టుకున్నాను. గోడ దగ్గర మాత్రం అది వెన్నలో దిగినట్టు దిగిపోయింది. మిగతా చోటంతా టంగుమని ఎదురు తిరిగింది.

"తల చెడింది గానీ ఒళ్లు బాగుండాది. గోడ ఇంగ దీన్ని మోయదు. ఇంకోటేదో మోయల్ల. అంతే."

పాత వేపమాను గుంజ ఒకటి ఆయన దొడ్లోనే ఉంది. కింద చదరపు బండ పాతాం. వీధిలో లారీ డ్రైవరు దగ్గర జాకీ అడిగి తెచ్చాం. దుంగ మీద జాకీ పెట్టి, దాని మీద పట్టె నిలబెట్టి, దూలానికి ఆనించాక, ఆయన చెయ్యి తీసేశాడు.

"నువ్వు తిప్పు."

"నేనా? పడితే?"

"ఇల్లు నీదే కదా. కొంచెం కొంచెం తిప్పు. నేను గోడ సప్పుడు ఇంటాంటా."

తిప్పాను. పైనుంచి మట్టి జారి మెడ మీద పడింది. టైలరమ్మ చిక్కుళ్లు వదిలేసి ఏదో ప్రార్థన మొదలుపెట్టింది. పెదనాయన కళ్లు మూసుకుని, గోడకు చెవి ఆనించి నిలబడ్డాడు. ఎక్కడో లోపల ఇల్లంతా ఒకసారి మూలిగినట్టు శబ్దం వచ్చింది. "ఆపు" అన్నాడు. దూలానికి, గుంజకు మధ్య సందు కనబడింది. గుంజను నిలబెట్టి, చెక్క చీలలు కొట్టి బిగించాం. జాకీ మెల్లగా దించాను. దూలం దిగి, గుంజ మీద కూర్చుని, ఆగింది.

టైలరమ్మ ముందుగా తేరుకుని, "టీ పెట్టక్కా" అంది. ఆయన ఆ రోజు మా ఇంట్లో కూర్చుని టీ తాగాడు.

చెప్పినట్టే మరుసటి నెల తమ్ముడు బండి మాట్లాడుకునే వచ్చాడు. నడింట్లో గుంజను చూసి, "ఇదేందక్కా, ఇంట్లో కరెంటు స్తంభం పాతినావు?" అని నవ్వాడు. తర్వాత రెండు చేతులతో నెట్టి చూశాడు. భుజంతో నెట్టాడు. అన్నం తిని, దాని పక్కనే చాప వేసుకుని సాయంత్రం దాకా నిద్రపోయాడు. లేచాక బండివాడికి ఫోన్ చేసి వద్దని చెప్పాడు.

పోయిన ఏడు నుంచి పెదనాయనకు మోకాళ్లు పనిచేయలేదు. నిచ్చెన ఎక్కలేకపోయాడు. నా పనులన్నీ నాకు వచ్చేసినా, పిట్టగోడ అవతల ఎవరూ లేని ఆదివారం చాలా పెద్దదిగా ఉండేది. ఆయన మిద్దె మీద చౌడు మన్ను నేనే వేస్తానన్నాను. మొదట ఒప్పుకోలేదు. "ఇంగ ఎన్నాళ్లకి మ్మా?" అన్నాడు. నేను వినకుండా గోడ దాటాను. ఆయన కింద దొడ్లో కుర్చీ వేసుకుని పైకి చూస్తూ కూర్చున్నాడు. ఏదో ఒకటి సరిదిద్దుతాడనుకున్నాను. కానీ పని గురించి ఒక్క మాట అడగలేదు.

"పైన ఎట్లుండాది?" అన్నాడు.

"ఏమిటి పెదనాయనా?"

"అదే. ఆడ నుంచి చూస్తే. చెప్పు."

చెక్క పక్కన పెట్టి నిలబడ్డాను. కొండ మీద కోటగోడ ఎండకు ఎర్రగా ఉందని చెప్పాను. కొండవాలులో గొర్రెలు దిగుతున్నాయని, ఎవరో మేడ మీద మిరపకాయలు ఎండబెట్టారని, దూరంగా గూడ్సుబండి ధర్మవరం వైపు పోతోందని చెప్పాను.

"నిండుగా పోతాండాదా, ఖాళీగానా?"

"తెలీదు పెదనాయనా."

"సప్పుడు విను. తెలుస్తాది."

విన్నాను. నాకు తెలియలేదు. ఆయన కింద కళ్లు మూసుకుని తనే విన్నాడు. "ఖాళీ" అన్నాడు.

మూడో రోజు కార్యం అయ్యాక, ఆయన అన్న కొడుకు సామాన్లు ఆటోలో ఎక్కించాడు. తాపీ, సుత్తి, మేకుల డబ్బా ఉన్న గోనెసంచి కూడా అందులోనే వెళ్లింది. అడిగితే ఇచ్చేవాడే, మంచి మనిషిలాగే ఉన్నాడు. అడగడానికి నేనేమవుతానో తెలియక, అరుగు మీద నుంచి లేవలేదు. అతనే దగ్గరికొచ్చి, "ఇల్లు కొంచెం చూస్తాండు అక్కా. ఏమన్నా ఉంటే ఫోన్ చెయ్యి" అని నంబరిచ్చి, తాళం వేసుకుని వెళ్లాడు.

ఆ సాయంత్రం మిద్దె ఎక్కితే, ఆయన దొడ్లో నీళ్లతొట్టి పైన బల్బు వెలుగుతూ కనిపించింది. వచ్చిన వాళ్లలో ఎవరో వేసి, ఆర్పడం మరిచిపోయినట్టున్నారు. స్విచ్చి తాళం వేసిన ఇంట్లో ఉంది, అది ఇప్పటికీ వెలుగుతూనే ఉంది. పగలు అది వెలుగుతున్నట్టే తెలియదు. పొద్దు వాలాక, ఖాళీ దొడ్డిలో తొట్టి చుట్టూ పసుపుపచ్చగా ఒక వలయం పడుతుంది. ఒక పిల్లి వచ్చి అందులో కూర్చుని వెళుతుంది. అన్న కొడుక్కి ఫోన్ చేయొచ్చు, ఇంకా చేయలేదు. వీధిలో కరెంటు పోయినప్పుడు అదీ పోతుంది. వచ్చినప్పుడు, అందరి ఇళ్లతో పాటే, అదీ వెలుగుతుంది.