మల్లవ్వ సీసాలో సోడా

ఓబులయ్యకు కోపం రావడానికి కారణం అక్కర్లేదు. కడప జిల్లా నుంచి ఎడారి దేశానికి వచ్చి అల్ షహానియా ఒంటెల కొట్టంలో డ్రైవరుగా కుదిరిన నాటి నుంచి గడ్డి లారీవాడితో పేచీ, నీళ్ళ ట్యాంకరువాడితో పేచీ, పప్పులో ఉప్పు తక్కువైతే తను వండిన గిన్నెతోనే పేచీ. అలాంటివాణ్ణి పదిమందిలో దొంగ అంటే ఊరుకుంటాడా?

అన్నవాడు బుచ్చన్న. జగిత్యాల వైపు మనిషి, ఒంటెల్ని చూసుకునేవాడు. ఇద్దరిదీ ఒకే గది, ఒకే పొయ్యి. మొన్నమొన్నటిదాకా ఒకరి కంచంలోంచి ఒకరు లాక్కుని తిన్నవాళ్ళే. వాళ్ళ మధ్య చిచ్చు పెట్టింది ఒక ముసలి ఒంటె.

ఒకప్పుడు పందెంలో గెలిచి యజమానికి పేరు తెచ్చిన ఒంటె అది. ఇప్పుడు నీడలో కూర్చుని నెమరేయడమే దాని పని. బుచ్చన్న దాన్ని మల్లవ్వ అని పిలుస్తాడు. ఆ పేరు యజమానికి తెలియదు. బూజు పట్టిన గడ్డి తిని మల్లవ్వకు ఊపిరి పట్టేసింది. డాక్టరు వచ్చి స్టెరాయిడ్ మాత్రలు రాశాడు. వాటిని అందరూ డెక్సా అంటారు. వారం వారం మందుల షాపు నుంచి డబ్బా తేవడం ఓబులయ్య డ్యూటీ.

తాగించడం బుచ్చన్న డ్యూటీ. చేదు తగిలితే ఒంటె, పట్టేవాడి మొహం మీదే ఊసేస్తుంది. ఆ వాసన ఒక పట్టాన వదలదు. ఆ కొట్టంలో కడుపు ఉబ్బరం రాకుండా ఒంటెలన్నిటికీ సోడా నీళ్ళు పడతారు. తినే సోడా నీళ్ళలో వేసి మరగకాచి, పెద్ద సీసాలకెత్తి, రేకుల కింద గుంజలకు వేలాడదీస్తారు. ఒంటెలకు ఆ రుచి అలవాటు, చూడగానే నోరు తెరుస్తాయి. బుచ్చన్న తన తెలివికి తనే మురిసిపోతూ, వారానికి సరిపడా మాత్రలు ఒకేసారి దంచి మల్లవ్వకు పట్టే సీసాలో కలిపేసేవాడు. పొద్దున కాస్త, సాయంత్రం కాస్త పట్టేవాడు.

కొత్త డబ్బా వచ్చిన రోజు మల్లవ్వ తేరుకునేది, గడ్డి కొరికేది. తర్వాత మళ్ళీ ఎగరొప్పు మొదలయ్యేది. ప్రతి వారం ఇదే తంతు. దాని మెడ నిమురుతూ కూర్చున్న బుచ్చన్నకు బుర్రలో అనుమానం పురుగులా తొలిచింది. నేరుగా ముదీర్ దగ్గరికి నడిచాడు. ముదీర్ అంటే మేనేజరు, కొట్టం పెత్తనమంతా అతనిదే. అతను ఓబులయ్యతో సహా పదిమందినీ పిలిచి, అందరి ముందూ చెప్పమన్నాడు.

"ఓబులయ్య డబ్బల పైన నాలుగు అస్లీ గోలీలు పెడుతుండు, కింద నకిలీయి నింపుతుండు. అసలుయి అమ్ముకుంటుండు. లేకుంటె ఒక్కరోజు మంచిగై మళ్ళ ఎందుకు పడిపోతది?"

"నేను అమ్ముకున్నానా? నీ నోట్లో పురుగులు పడ!" అంటూ ఓబులయ్య అతని మీదికి ఉరికాడు. పక్కవాళ్ళు పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది.

ముదీర్ నింపాదిగా వేలు చూపించాడు. "ఔర్ ఏక్ డబ్బా లావ్. ఒంటె ఠీక్ మాఫీ, తుమ్ ఖలాస్." అక్కడి మాటల్లో మాఫీ అంటే లేదని; ఒంటె బాగవకపోతే ఓబులయ్య పని అయిపోయినట్టే.

ఓబులయ్య ఆ మంటతోనే బండి తీసుకుని మందుల షాపు మీదికి యుద్ధానికి పోయాడు. షాపులో మందులిచ్చే గౌస్ మొహియుద్దీన్‌ది నిజామాబాద్. వచ్చినవాడి తిట్లన్నీ అయ్యేదాకా ఆగి, ఒకే మాట అడిగాడు.

"ఎట్ల తాపుతుండ్రు భాయ్?"

ఓబులయ్య సోడా సంగతి చెప్పాడు. గౌస్ నెత్తి పట్టుకున్నాడు.

"అయ్యో! సోడా అంటె క్షారం. మరగపెడితె ఇంకా ఘాటైతది. గా నీళ్ళల్ల స్టెరాయిడ్ నిలవది, లోపల్నే విరిగిపోతది. పైంగ గీ ఎండ. కలిపిన రోజు కొంచెం పనిచేస్తది, రోజులు పోయినకొద్ది దాంట్ల మందే ఉండది. దంచి ఖర్జూరంల పెట్టి అప్పటికప్పుడు తినిపియ్యమను."

ఓబులయ్యకు ప్రాణం లేచి వచ్చింది. కొత్త డబ్బాతో కొట్టంలో దిగీ దిగగానే బుచ్చన్న కాలర్ పట్టుకున్నాడు.

"నీ సోడానేరా మందును తినేసింది! దొంగ నేను కాదు, నీ సీసా!"

బుచ్చన్న చెయ్యి విదిలించుకుని నవ్వాడు. "దొరికినంక కతలు జెప్తున్నవా?" అన్నాడు. సాయంత్రం మాత్రం చాటుగా ఖర్జూరం గింజ తీసి, మాత్రలు దంచి కూరి, మల్లవ్వ నోట్లో పెట్టాడు. పడున్న గింజల్ని ఓబులయ్య చూశాడు. పోనీ, విన్నాడు కదా, రేపు ముదీర్‌తో తనే చెప్తాడులే అనుకున్నాడు. తనకు తెలియకుండానే అతనిలో ఇంకా కాస్త మంచితనం మిగిలి ఉంది. దాని ఫలితం అనుభవించాడు.

మల్లవ్వ లేచి తిరిగింది. ముదీర్ దాన్ని చూశాడు, ఓబులయ్యను చూశాడు. పట్టుబడ్డాక అసలు మందు తెచ్చాడంటే, ముందువన్నీ అమ్ముకున్నట్టే కదా అన్నాడు. ఇంటికి పంపడానికి టికెట్ తీస్తానన్నాడు. పక్కనే ఉన్న బుచ్చన్న ఖర్జూరం సంగతి దాచేసి గడ్డి మోపు ఎత్తుకుని పోయాడు.

ఆ పూటే ఆంజనమ్మ ఫోన్ చేసింది. ఓబులయ్య భార్య ఆమె. అల్ అజీజియాలో కొట్టం యజమాని అక్క ఇంట్లో పనిచేస్తుంది. "మా మేడం ఈ పొద్దు నా సంచి దులిపి జూసిందయ్యా. ఇన్నేండ్లలో ఎప్పుడూ జూడలే. యాం జేసినావు నువ్వు?" అని ఏడ్చింది. ఓబులయ్య తనను తంతే పడేవాడే. ఆమె సంచి మీద పడిన చెయ్యిని మాత్రం తట్టుకోలేకపోయాడు.

మర్నాడు ముదీర్ ముందుకు పోయి డబ్బా నేలమీద పెట్టాడు. "ఇది అస్లీ అని నువ్వే అన్నావు కదా? దీంట్లోవే ఈ బుచ్చన్నను మళ్ళా సోడా నీళ్ళలో కలపమను, ముందర మాదిరే. ఒంటె బాగుంటే నేను దొంగ, నా అంతట నేనే పోతా" అని వచ్చీరాని హిందీలో అరిచాడు. ముదీర్‌కు ఇదేదో వేడుకగా తోచింది. సరేనని, సీసా నిండాక మిగిలిన డబ్బాను తన గదిలో పెట్టి తాళం వేశాడు.

బుచ్చన్న సోడా కాచాడు, మాత్రలు కలిపాడు, సీసా వేలాడదీశాడు. అతను మల్లవ్వ వైపు తిరిగి తిరిగి చూస్తుంటే ఓబులయ్య పక్కన నిలబడి కళ్ళారా చూశాడు. జాలా? ఆ రోజు అతని ఒంట్లో జాలి చుక్క లేదు. ఒంటె పడిపోవాలని మనసారా కోరుకున్నాడు.

కోరిక తీరింది. ఎండ సీసా మీద తన పని తాను చేసింది. నాలుగు రోజులు తిరిగేసరికి మల్లవ్వ ముక్కుపుటాలు ఎగరేస్తూ, మెడ నేలకు ఆనించి, గాలి కోసం పెనుగులాడింది. వేళయిందని బుచ్చన్న సీసా దించాడు. వాసన పట్టి మల్లవ్వ అలవాటుగా నోరు తెరిచింది.

బుచ్చన్న ఆ తెరిచిన నోటివైపు చూసి సీసా ఇసుకలో బోర్లించాడు. ముదీర్ గది తలుపు దబదబ బాదాడు.

"మేరా సోడా! దవా అస్లీ! ఓబులయ్య చోర్ నహీ! డబ్బా దే, జల్దీ దే!"

ముదీర్ తాళం తీసి డబ్బా అందించాడు. ఒంటెలన్నిటికీ సోడా పట్టమని మొదట చెప్పింది తనేనన్న సంగతి గుర్తొచ్చిందో ఏమో, ఎవరి మొహమూ చూడలేదు. "టికెట్ మాఫీ. యల్లా, కామ్ కరో" అని, టికెట్ లేదు, పనికి పొమ్మన్నట్టు చెయ్యి ఊపి లోపలికి పోయాడు. మనిషి పరువు తీయడానికి పదిమందిని పిలిచినవాడు, తిరిగి ఇవ్వడానికి గుమ్మం కూడా దిగలేదు.

ఖర్జూరం తినిపించి వచ్చిన బుచ్చన్న కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నోరులేని దాని పాణం మీదికి తెచ్చినవ్. నిన్ను జల్మల మాఫ్ చెయ్య."

"నిన్ను అడిగినానా? నోరులేనిది అది, నోరుండీ నువ్వు మూసుకుని కూచున్నావే, దాంతో నా పెండ్లాం సంచి తడిమినారు. నేనూ చెయ్యను పో."

ఆ రాత్రి పొయ్యి మీద రెండు గిన్నెలు వేర్వేరుగా ఉడికాయి. ఓబులయ్య బయటికొచ్చి ఆంజనమ్మకు ఫోన్ కలిపాడు. గొంతు ఎత్తి, గదిలోవాడికి వినపడేలా చెప్పాడు. "తేలిపోయిందే! నేను దొంగను కాదని ముదీర్ ఒప్పుకున్నాడు!"

"ఆ మాట మా మేడంకు ఎవురు జెప్తారు?" అంది ఆంజనమ్మ.