నమస్కారాల మిషన్

కంప్యూటర్ చదివిన పిల్లకు రాని పని ఉండదని భద్రాచలంలో అందరూ నమ్మిన కాలమది. అందరికంటే గట్టిగా నమ్మింది నేనే. ఎంసీఏ అయ్యాక ఖమ్మంలో ఉద్యోగం దొరక్క ఖాళీగా ఉంటే, మా చిన్నాయన తను పనిచేసే లాడ్జి ఓనరుతో మాట్లాడి వెబ్‌సైటు పని ఇప్పించాడు. చిన్నాయన అక్కడ కౌంటర్‌లో కూర్చునేవాడు. గది ఉందా, వేడినీళ్ళు వస్తాయా, పర్ణశాలకు లాంచీ ఎప్పుడు అని యాత్రికులు అడిగేవాటికి ఓపిగ్గా బదులివ్వడం ఆయన పని. నేను వెబ్‌సైటు చేసి ఊరుకోవచ్చు కదా! (ఊరుకుంటే ఈ కథే లేదు.) ఆ ప్రశ్నలన్నిటికీ మిషనే జవాబు చెబుతుందని ఓనరుకు ఆశ పెట్టాను.

అలాంటి మాట్లాడే ప్రోగ్రాములు రాసుకోవడానికి ఎవరో సగం సిద్ధం చేసి ఉంచిన సరంజామా నెట్‌లో దొరికింది. లైబ్రరీ అంటారు దాన్ని. దాని అమరికను చిన్నాయనకు గొప్పగా వివరించాను. బయటి మాటను లోపలికి తెచ్చే భాగం ఒకటి. జవాబులిచ్చే ముక్కలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. మాట పైనుంచి దిగుతూ వస్తుంది. 'ఇది నాది' అని ఏ ముక్క ముందు పట్టుకుంటే అదే జవాబిస్తుంది, కిందివాటి దాకా పోనివ్వదు. ఎవరేం అడిగారో గుర్తుపెట్టుకునే భాగం వేరే. ఏ ముక్కా పట్టుకోని మాట కోసం అట్టడుగున ఒక ఆఖరి జవాబు.

"ఆ ఆఖరుకు ఏం రాయాలె చిన్నాయనా?"

"నేనెట్లంటనో గట్లనే రాయి బిడ్డా. 'ఏంది, నిమ్మళంగ చెప్పు, నేను యాడికి పోత లేను' అని."

రాశాను.

ప్రారంభం రోజు ఓనరు కొబ్బరికాయ కొట్టి, యాత్రికులందరి ముందు కంప్యూటర్ దగ్గర కూర్చున్నాడు. మంచి రూము ఉందా అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టాడు. "నమస్కారం! స్వాగతం!" అంది మిషన్. మళ్ళీ అడిగాడు. మళ్ళీ నమస్కారం. 'హాయ్' అన్నవాళ్ళకు నమస్కరించే ముక్కను అన్నిటికన్నా పైన పెట్టాను. అదేమో హెచ్, ఐ పక్కపక్కన ఎక్కడ కనిపించినా పట్టేసుకుంటోంది; 'మంచి' చివర ఉన్నవి ఆ రెండే. ఓనరు ఒళ్ళు మండి 'పిచ్చి మిషన్' అని కొట్టాడు. దానికీ వినయంగా నమస్కారమే.

నన్ను కాపాడదామని చిన్నాయన ముందుకొచ్చి, ఒక్క వేలితో 'గది' అని కొట్టాడు. నేను దానికి నేర్పింది 'రూము' ఒక్కటే. మాట అట్టడుగుకు జారిపోయి, చిన్నాయన మాటే తెర మీదికి వచ్చింది. యాత్రికులు ఘొల్లున నవ్వారు.

"ఏందయ్యా, వచ్చినోళ్ళతోని గిట్లనా మాట్లాడేది? తీసెయ్యమ్మా దాన్ని!" అన్నాడు ఓనరు.

"అవ్ బిడ్డా, తీసెయ్" అన్నాడు చిన్నాయన కూడా, మెల్లగా. తీసేసి "క్షమించండి, అర్థం కాలేదు" అని పెట్టాను.

తర్వాత ముక్కల వరుస సరిచేస్తే మిషన్ బుద్ధిగా పనిచేసింది. ఓనరు కౌంటర్ మీద కంప్యూటర్నే పెట్టించి, తాళాలు వాచ్‌మన్ చేతికిచ్చి, చిన్నాయనను పర్ణశాలలో ఉన్న తన టీ కొట్టు చూసుకోమని పంపించాడు. అది ప్రమోషన్ అనుకుని నేను సంతోషించాను కూడా. ఏడాది తిరక్కుండానే, ఓపిగ్గా మాట్లాడే మనిషి లేక, మిషన్‌తో వేగలేక యాత్రికులు పక్క లాడ్జికి పోతున్నారని ఓనరు దాన్ని మూలన పడేసి, కౌంటర్‌లో తన బామ్మర్దిని కూర్చోబెట్టాడు.

ఆ కబురు చెప్పుకోవడానికి లాంచీ ఎక్కి పర్ణశాల వెళ్ళాను. చిన్నాయన గ్లాసులు కడుగుతున్నాడు.

"మిషన్ బంద్ చేసిన్రు చిన్నాయనా."

"అయ్యో! ఎంత కష్టపడి చేసినవ్ బిడ్డా" అంటూ తడి చేతులతోనే నా తల నిమిరాడు. "ఓనరుతోని నేను మాట్లాడ్త తియ్. నువ్వైతే మనసు ఖరాబ్ చేసుకోకు."

తిరుగు లాంచీలో వెక్కివెక్కి ఏడ్చాను. పక్కన కూర్చున్న పెద్దమ్మ జాలిపడి, "ఎవలన్న పోయిన్రా బిడ్డా?" అని అడిగింది. "మా మిషన్" అన్నాను. ఆమె నన్నొకసారి ఎగాదిగా చూసి కాస్త అవతలికి జరిగింది. చిన్నాయన కుర్చీ పోయిందన్న సంగతి ఆ ఏడుపులో ఎక్కడా లేదు. అది నాకు తట్టేసరికి చిన్నాయనే లేడు. ఎవరి కోసం ఏడవాలో తెలియని ఆ లాంచీలోని పిల్లను తలచుకుంటే ఇప్పుడు నవ్వే వస్తుంది. ఎక్కువసేపు మాత్రం నవ్వలేను.