ఎల్డన్ ప్రూయిట్ ఎంచుకున్న డై

ఎల్డన్ ప్రూయిట్ నోటి నుంచి "నాకు తెలియదు" అన్న మాట విన్నవాళ్ళు మా కౌంటీలో ఎవరూ లేరు. ఆయన ఇరవయ్యారేళ్ళు తూనికలు కొలతల శాఖలో తనిఖీదారుగా పనిచేశాడు. పెట్రోలు పంపుల మీద స్టిక్కర్లు అంటించడం, మాంసం కొట్టు త్రాసులో ఇత్తడి రాయి పెట్టి ముల్లు వంక చూసి మూతి ముడవడం, అదీ ఉద్యోగం. ఉద్యోగం ముగిసినా మూతి అలాగే ఉండిపోయింది. రిటైరయ్యాక కొలవడానికి ఏమీ దొరక్క మా పిస్తోలు క్లబ్బులో చేరాడు. మా ప్రారబ్ధం.

నాది ఇనపసామాన్ల కొట్టు. ఓజార్క్ కొండల్లో ఇలాంటి ఏ కొట్లోనైనా మేకులు, కంచె తీగ పక్కనే తూటాలు ఇంట్లో కూర్చుకునేవాళ్ళ సామానుకూ ఒక అలమర ఉంటుంది. తూటా పేలినప్పుడు దాని ఇత్తడి గుల్ల ఉబ్బుతుంది. దాన్ని పారెయ్యకుండా డై అనే గొట్టంలోకి ప్రెస్సుతో నొక్కి మళ్ళీ పాత కొలతకు తెస్తారు. డైలలో మామూలు ఉక్కువి ఉన్నాయి, లోపల కార్బైడ్ అనే గట్టి లోహపు ఉంగరం బిగించినవీ ఉన్నాయి. ఉక్కుదాంట్లో నొక్కాలంటే గుల్లకు ముందు జిడ్డు రాయాలి, తర్వాత తుడవాలి. కార్బైడుకు ఆ బాధ లేదు, ధర మాత్రం ఎక్కువ. బుర్ర ఉన్నవాడికి ఐదు నిమిషాల పాఠం. ఎల్డన్ దీని మీద నాలుగేళ్ళు ఉపన్యాసమిచ్చాడు.

ప్రతి శనివారం పొద్దున్నే వచ్చి నా కాఫీ పోసుకునేవాడు. అలమరలోంచి కొత్త డబ్బా తీసి, డైని వెలుతురుకేసి పట్టి, ఒక కన్ను మూసి చూసేవాడు. వేలిముద్రలు బాగా అంటించి తిరిగి పెట్టేసేవాడు. ఎవరైనా కొనడానికి వస్తే ఇక ఆయనకు పండగే.

"మామూలు డై దేనికయ్యా? ఇరుకు డై తీసుకో. వెంట్రుకవాసి సన్నం. గుల్ల బిగుతై, గుండును చంటిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుంటుంది" అనేవాడు.

వచ్చినవాడు బుద్ధిగా తలూపి ఇరుకు డై పట్టుకుపోయేవాడు. అలా తలూపిన వెధవలు మా క్లబ్బులో పదకొండుమంది. ఆ పదకొండూ అమ్మింది నేనే. ఎల్డన్ మాట అందరి విషయంలో నిజం కాదని తెలిసీ నోరు మూసుకుని అమ్మాను. కాబట్టి ఈ కథలో ఎవరి మొహాన ఉమ్మినా కాస్త నా మీద కూడా పడాలి.

మావిస్ టాలివర్ ఏప్రిల్లో వచ్చింది. బడి వంటగదిలో ముప్పయ్యేళ్ళు వండిన మనిషి. భర్త రాయిస్ పోతూ ఆమెకు ఒక రివాల్వరు, ఒక ప్రెస్సు, ఒక పాత ఉక్కు డై వదిలిపోయాడు. ఆయన నేర్పిన పద్ధతిలోనే తూటాలు కూర్చుకునేది. మెత్తటి సీసం కరిగించి గుండ్లు కూడా తనే పోసుకునేది. ఎవరితోనూ గొప్పలు చెప్పుకునేది కాదు. ఆమె గురి చూసి కాలిస్తే ఆరు గుండ్లూ అరచేతిలో పట్టేంత చోటులో పడేవి.

"గుల్లగుల్లకీ జిడ్డు రాసి తుడవలేక నా మణికట్లు పడిపోతున్నాయి. కార్బైడు డై ఒకటి ఇవ్వు, మామూలుది" అంది నాతో.

నేను డబ్బా అందిస్తుండగానే ఎల్డన్ కాఫీ కప్పుతో మధ్యలోకి వచ్చాడు.

"మామూలుదా? తప్పమ్మాయ్, తప్పు. ఇరుకుది తీసుకో."

"నాకు అరవై రెండేళ్ళు. అమ్మాయేంటి నీ మొహం? నావి మెత్తటి సీసం గుండ్లు. ఇరుకు గుల్లలో దూరిస్తే నలిగిపోవూ?"

"అవన్నీ పుస్తకాలు రాసేవాళ్ళ భయాలు. ఇరవయ్యారేళ్ళు కొలతల్లోనే బతికినవాణ్ణి చెప్తున్నా, విను."

ఆమె నా వంక చూసింది. ఆమె అన్నదే నిజమని ఒక్క ముక్క అంటే సరిపోయేది. నేను బల్ల మీద లేని దుమ్ము తుడిచాను. మావిస్ ఇరుకుది పట్టుకెళ్ళింది.

సోమవారం ఎల్డన్ పిలవకుండానే ఆమె ఇంటికి పోయాడు, డై బిగించిపెడతానని. ఆమె చేసిన పీచ్ పళ్ళ తీపి వంటకం, కాబ్లర్, రెండు పళ్ళేలు లాగించాడు. డై డబ్బాలో ఒక కాగితం ఉంటుంది. కార్బైడ్ ఉంగరం గట్టిదే గాని పెళుసు, గుల్లను పట్టి ఉంచే బిళ్ళ దానికి తగలకూడదు, మధ్యలో కాగితం మందాన సందు వదలండి అని పెద్ద అక్షరాల్లో రాసి ఉంటుంది. ఎల్డన్ ఆ కాగితంతో వేళ్ళకంటిన పాకం తుడుచుకున్నాడు. తర్వాత డైని కిందికంటా బిగించాడు. లివరు లాగిన ప్రతిసారీ ప్రెస్సు ఠక్కుమంది.

"ఆ చప్పుడు వినపడాలి. అప్పుడే సరిగ్గా కూర్చున్నట్టు" అన్నాడట.

మూడు వారాలు గడిచాయి. మావిస్ గుండ్లు నడుం దగ్గర నలిగి, గురి కాగితం మీద అన్నం పళ్ళెమంత వెడల్పున చెదిరిపోయాయి. రివాల్వరు గొట్టంలో సీసం పేరుకుంది. పైగా గుల్లల ఒంటి మీద నిలువు గీతలు పడసాగాయి. డై విప్పి నా దగ్గరకు తెచ్చింది. భూతద్దం పెట్టి చూశాను. ఉంగరం చిట్లింది.

ఆ శనివారం క్లబ్బులో ఆమె ఈ సంగతి చెబితే ఎల్డన్ అందరికీ వినపడేలా నవ్వాడు.

"లివరును రొట్టెపిండి పిసికినట్టు పిసికితే చిట్లదా మరి? వంటగది చేతులకి కార్బైడు ఇస్తే ఇంతే."

తలలూపే పదకొండుమందీ నవ్వారు. ఆడలేక మద్దెల ఓడు అని ఎవడో అన్నాడు కూడా, ఆమెను ఉద్దేశించి. మావిస్ వంగి తన ఖాళీ గుల్లలు ఏరుకుని సంచిలో వేసుకుంది.

అలా ఏరుకుంటున్నప్పుడే ఆమెకు ఒకటి తట్టింది. తూటాలు కూర్చుకునేవాడెవడూ గుల్లను వదలడు. గడ్డిలో పడితే మోకాళ్ళ మీద పాకి వెతుక్కుంటాడు. ఎల్డన్ మాత్రం తన రివాల్వరులోని గుల్లల్ని నేరుగా చెత్త డబ్బాలోకి దులిపేస్తున్నాడు. ఆయన వెళ్ళాక ఆమె ఆ డబ్బాలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసి నా బల్ల మీద పోసింది.

"అడుగు వైపు చూడు" అంది.

అన్నిటి మీదా ఒకే ముద్ర. అన్నిటికీ అడుగున, దెబ్బ తగలగానే మందును అంటించే నిప్పు బిళ్ళ చుట్టూ, ఎర్రటి లక్క గీత. ఆ గీత ఫ్యాక్టరీలో పెడతారు. ఇంట్లో ఎవరూ పెట్టుకోరు.

"ఈయన జన్మలో ఒక్క తూటా కూర్చలేదు. పక్క కౌంటీలో కొనుక్కొచ్చి, 'నా స్వంత తయారీ' అని రాసిన పాత డబ్బాల్లో పోసుకుంటున్నాడు" అంది మావిస్.

"ఎందుకలా?" అన్నాను వెర్రిమొహం వేసుకుని.

"చేత్తో కూరిస్తే తప్పు చేసే ప్రమాదముంది. నోటితో కూరిస్తే ఏదీ చిట్లదుగా."

మామూలు కార్బైడు డై మొదట్లోనే అడిగింది కదా, అది ఇచ్చాను. క్షమించమని కూడా అన్నాను. "నువ్వు ఆ రోజే నోరు తెరిచి ఉంటే బాగుండేది" అని తీసుకుని వెళ్ళిపోయింది. నాకు రావలసిందే వచ్చింది.

జూన్‌లో క్లబ్బు విందు. చిక్కుడు గింజలు, పంది మాంసం, మొక్కజొన్న రొట్టె. షెడ్డులో గోడవారన క్లబ్బు ప్రెస్సు ఉంది. ఎల్డన్ పళ్ళెం చేత్తో పట్టుకుని ఎవరికో ఇరుకు డై మహిమ చెబుతున్నాడు. మావిస్ ప్రెస్సు పక్కన రెండు డైలు పెట్టింది: ఒకటి కొత్త కార్బైడుది, ఒకటి రాయిస్ ఉక్కుది. వాటి పక్కన కాసిని ఖాళీ గుల్లలు, ఒక జిడ్డు సీసా.

"ఎల్డన్, నా చేతులు సరైనవి కావన్నావుగా. ఒక్క గుల్ల నొక్కి చూపించు. ఈ రెండిట్లో నీకు ఏది నచ్చితే అది తీసుకో."

అందరూ చుట్టూ చేరారు. ఎల్డన్ పళ్ళెం దించి రెండు డైలూ చెరో చేత్తో తూచాడు. మూతి ముడిచాడు. రాయిస్ డై ఏళ్ళ తరబడి నూనె గుడ్డ తగిలి అద్దంలా మెరుస్తోంది. దాన్నే పైకెత్తాడు.

"ఇదీ సరుకంటే! బరువు చూడండి. అసలైన కార్బైడు. ఈ కొత్తది వట్టి రేకు."

"జిడ్డు రాస్తావా?" అని అడిగింది మావిస్. నిజాయితీగానే అడిగింది, నేను సాక్షిని.

"కార్బైడుకి జిడ్డేంటి? నాకు నేర్పుతున్నావా అమ్మాయ్?" అని సీసాను వేలితో పక్కకు నెట్టాడు.

డై బిగించాడు. పొడి గుల్ల పెట్టి లివరు లాగాడు. గుల్ల కీచుమంటూ సగం దూరింది. ఆయన ఒళ్ళంతా మోపి నొక్కాడు. మొత్తం దూరింది. ఇక బయటికి రాలేదు. లివరు పైకి లాగితే బల్ల లేచింది గాని గుల్ల కదల్లేదు. ఇంకోసారి లాగాడు. గుల్ల అడుగు అంచు టప్పున తెగింది. గుల్ల డైలోనే ఉండిపోయింది.

క్లబ్బు అధ్యక్షుడు డబ్ హెన్లీ గొంతు సవరించుకున్నాడు. "అది ఉక్కు డై కదయ్యా ఎల్డన్."

ఎల్డన్ మెడ దాకా ఎర్రబడ్డాడు. "ఇత్తడి నాసిరకం! ఎక్కడ దొరికాయి ఈ దిక్కుమాలిన గుల్లలు?"

"నువ్వు చెత్త డబ్బాలో పారేసినవే. ఒక్కసారే పేలినవి. ఫ్యాక్టరీ ఎర్ర గీత ఇంకా ఉంది చూడు" అంది మావిస్.

డబ్ ఒక గుల్ల తీసి చూసి పక్కవాడికి ఇచ్చాడు. అది చేతులు మారుతుంటే ఎవరూ నవ్వలేదు. ఎల్డన్ టోపీ పెట్టుకుని, పళ్ళెం అక్కడే వదిలి, ట్రక్కు ఎక్కాడు. మావిస్ అటు చూడను కూడా లేదు. డ్రిల్లు తెచ్చి, చిక్కుకున్న గుల్ల అడుగున తొలిచి, మర చెక్కి, బోల్టు బిగించి దాన్ని బయటికి లాగింది. రాయిస్ కూడా మొదటి ఏడాది మూడు ఇరికించాడట.

మర్నాటి నుంచి పదకొండుమందీ ఎల్డన్ సంగతి తమకు ముందే తెలుసన్నారు. ఇద్దరైతే ఆ ఇరుకు డైలు నేనే అంటగట్టానన్నారు. అదీ నిజమే.

ఎల్డన్ మళ్ళీ క్లబ్బుకు రాలేదు. అవమానంతో మంచం పట్టాడనుకుంటే మీకు ఆయన తెలియదన్నమాట. సెప్టెంబరులో దాణా కొట్టు ముందు కనిపించాడు. తేనెటీగల పెంపకందారుల సంఘంలో చేరాడట. తేనెపట్టు కట్టే చట్రాల మధ్య ఎంత సందు ఉండాలో, చుట్టూ నిలబడ్డ నలుగురికి వేళ్ళతో కొలిచి చూపిస్తున్నాడు. నలుగురూ తలలూపుతున్నారు. తేనెటీగలకు కొండి ఉంటుంది, అదొక్కటే నా ఆశ.