క్లోతిల్డ్ పెరట్లో పెనం

కర్రపెండలం భూమిలో ఉన్నంతకాలం ఎవరికోసమైనా ఆగుతుంది. ఏడాది ఆగుతుంది, ఏడాదిన్నర ఆగుతుంది. ఎప్పుడు ఆకలైతే అప్పుడు తవ్వుకోవచ్చు. అందుకే మా డొమినికా ద్వీపం తూర్పు తీరంలో పెండలం చేను గురించి మాట్లాడితే గాదె గురించి మాట్లాడినట్టే ఉంటుంది. కాని గాలి ఒకసారి మొక్కను పట్టుకుని వేళ్లు కదిలేదాకా ఊపిందంటే ఆ ఓర్పు అక్కడితో సరి. దుంప మెడ దగ్గర చిట్లుతుంది. వాననీరు దిగుతుంది. లోపల నీలిగీతలు మొదలవుతాయి. వారం, మహా అయితే పది రోజులు. ఆలోగా తవ్వి, కోరి, రసం పిండి, పెనం మీద వేపకపోతే అది పందులకు కూడా పనికిరాదు.

ఉడకబెట్టుకుని తినొచ్చు కదా అనుకోవద్దు. మేం వేసేది చేదు రకం, దాని రసం విషం. కోరిన పిండిని రెల్లుతో అల్లిన పొడుగాటి సంచిలో కూరి, కొమ్మకు వేలాడదీసి, కింద రాళ్లు కట్టి, చుక్క మిగలకుండా సాగదీయాలి. తర్వాత పెనం మీద పొడిపొడిగా వేపాలి, లేదా రొట్టెలు కాల్చాలి. వేపిన పిండి డబ్బాలో పోసి మూత పెడితే ఆరు నెలలు ఉంటుంది. పెనం లేకపోతే మాత్రం ఆ దుంపలు చేతిలో ఉన్నా తిండి ఉన్నట్టు కాదు.

రవీన్ సెక్ అనే మా కొండవాలు పేటలో ఇరవైరెండు ఇళ్లు. పెద్ద పెనాలు రెండుండేవి. ఒకటి వాగు ఒడ్డున. పెద్దగాలి, అంటే హరికేన్, వచ్చినరోజు వాగు దాన్ని పాకతో సహా సముద్రంలోకి తీసుకుపోయింది. రెండోది క్లోతిల్డ్‌ది.

హరికేన్ అనే మాట ఈ దీవుల పాత భాషల్లోంచే పుట్టిందని పుస్తకాల్లో చదివాను. ప్రపంచం ఇక్కణ్ణుంచి చక్కెర పట్టుకుపోయింది, పొగాకు పట్టుకుపోయింది, ఆ మాట కూడా పట్టుకుపోయింది. గాలిని మాత్రం మాకే వదిలేసింది. ఈసారి గాలి వెళ్లాక కొండల మీద ఒక్క ఆకు లేదు. పచ్చగా తప్ప మరోలా చూడని కొండ, నిప్పంటించి ఆర్పినట్టు గోధుమరంగులో నిలబడింది. చిలకలు మనుషుల ఇళ్ల దగ్గరికి వచ్చి, ఏం అడగాలో తెలియనట్టు కూర్చునేవి.

క్లోతిల్డ్‌కి అప్పటికి అరవై ఎనిమిది. సన్నటి మనిషి, ఎప్పుడూ మగవాళ్ల టోపీ. కుడి ముంజేతి మీద మణికట్టు నుంచి మోచేతి దాకా పాత కాలిన మచ్చలు, గాజుల్లా వరసగా. ఆ పెనం ఆమె ముత్తవ్వ కాలంలో, మూతబడిన చెరకు తోట నుంచి ఆరుగురు మోసుకొచ్చిన పోత ఇనుము. నాలుగడుగుల వెడల్పు. దొరలు పోయారు, మర పోయింది, బెల్లపు వాసన పోయింది; పెనం మిగిలింది. పేటలో ఎవరింట్లో దుంపలు తవ్వినా కోరిన పిండి ఆమె పెరట్లోని పాకకే వచ్చేది. ఎవరి పిండి అయినా మొదటి రొట్టె తాను తుంచి రుచి చూసి, తల ఊపి, అప్పుడు తక్కినవి కాల్చనిచ్చేది. తల ఊపకపోతే మళ్లీ పిండుకురావలసిందే. ఆమెను ఎదిరించి గెలిచినవాళ్లు లేరు.

ఆ పాక చుట్టూ ఉన్న పెరడు మాత్రం ఆమెది కాదు, ఆమె భర్త ఒనెజీమ్‌ది. నాలుగేళ్ల కిందట చనిపోయినా ఆయనదే. ముప్పై ఏళ్లపాటు ఆయన రోడ్డు మీద కనిపించిన ప్రతిదీ ఇంటికి తెచ్చాడు. ఫ్రిజ్ తలుపులు, పాత బస్సు సీట్లు, మంచం స్ప్రింగులు, పడవ ఇంజను డొక్కు, చిల్లుపడ్డ నీళ్లడ్రమ్ములు, తుప్పు రేకులు. ఎందుకు మావయ్యా ఇదంతా అని అడిగితే, "దీనికో రోజొస్తుంది," అనేవాడు. అలా అని ఏ రోజూ దేన్నీ వాడలేదు. ఆయన పోయాక క్లోతిల్డ్ ఒక్క మేకు కూడా పారేయలేదు. ప్రేమతోనా, చీదరతోనా ఎవరికీ తెలియదు.

మాకు చేతిసాయం అనే పద్ధతి ఉంది. ఇక్కడి మాటలో కూద్‌మే. ఇల్లు కప్పాలన్నా, కొండమీద తొలిచిన పడవ దించాలన్నా, పని ఉన్నవాళ్లు శంఖం ఊదుతారు. విన్నవాళ్లు కత్తులూ తాళ్లూ పట్టుకుని వస్తారు. కూలి ఉండదు. పిలిచిన ఇల్లు కడుపునిండా పెట్టాలి. దుంపలూ, ఉప్పు చేపా, చివర్లో తలా ఒక గుక్క రమ్మూ. రేపు వాళ్లు పిలిస్తే మనం వెళ్లాలి. శంఖం ఊదకుండా మాత్రం ఎవరూ ఇంకొకరి పెరట్లో చెయ్యి పెట్టరు. పిలవని పనికి వెళ్లడమంటే, నీ దగ్గర మాకు పెట్టడానికి ఏమీ లేదని తెలుసులే అని మొహం మీద చెప్పడం. నేను తిరిగిన మరికొన్ని తీరాల్లో పిలవకుండానే పదిమంది దూకేసి, పని సగం చెడగొట్టి, తర్వాత ఏడాదంతా చెప్పుకుంటారు. అది చూసి వచ్చినవాణ్ణి గనక మా పద్ధతే మర్యాద అనుకుంటూ వచ్చాను.

ఒనెజీమ్ ఇంటికి కప్పు వేసినప్పుడు నలభైమంది వచ్చారు. ఆ తర్వాత ఆయన ఎవరి శంఖానికీ కదల్లేదు. ప్రతిసారీ నడుం నొప్పే. క్లోతిల్డ్ మాత్రం ప్రతి పనికీ వెళ్లి నీళ్లు మోసింది, వంట చేసింది. ఎవరూ ఒక్కమాట అనలేదు. అననిదాన్నే ఆమె ముప్పై ఏళ్లుగా వింటూ వచ్చింది.

పెద్దగాలికి పెరటి వెనక ఉన్న సీమపనస చెట్టు వేళ్లతో సహా వచ్చి పాక మీద పడింది. కొండచరియ జారి దాని మీద బురద పోసింది. ఒనెజీమ్ సామానంతా ఎగిరి, సుడి తిరిగి, ఆ గుట్టలోనే ఇరుక్కుంది. పక్క ఇళ్ల రేకులు కూడా వచ్చి చేరాయి. కంచె అవతలినుంచి చూస్తే పాక ఉన్నచోట ఓ చిన్న కొండ. పెనం ముక్కలైందని పేటంతా అనుకుంది. పోత ఇనుము మీద అంత చెట్టు పడితే ఇంకేం మిగులుతుంది?

క్లోతిల్డ్ అలా అనుకోలేదు. రెండోరోజు పొద్దున ఆమె రేకుల సందులోంచి పొడుగాటి ఇనపచువ్వ దించి చూసింది. కింద ఎక్కడో ఖంగుమంది. పగిలిన ఇనుము మోగదని ఆమెకు తెలుసు. అయితే ఒక్కసారి మోగింది ఏమిటో, పెనమో ఇంజనో, ఎలా చెప్పగలదు? ఎవరికీ చెప్పలేదు. ఒంటరిగా తవ్వడం మొదలుపెట్టింది.

ఒక మచ్చుకత్తి, ఒక బొచ్చె. పొద్దున వెలుగు రాగానే మొదలుపెట్టి ఎండ దిగేదాకా. కొమ్మలు నరికి ఒకవైపు, రేకులు ఒకవైపు, బురద ఒకవైపు. మూడోరోజుకి అరచేతులు చిట్లితే గుడ్డలు చుట్టుకుంది. కిందిళ్లలో వాళ్లు ఆ చప్పుడు వింటూనే ఉన్నారు. వాళ్ల చేలల్లో దుంపలు మెత్తబడుతున్నాయి. ఎవరో ఎగిరొచ్చిన రేకును కడిగి, దానిమీద పిండి వేపి చూశారు; రంగు కాలి పొగ వచ్చింది, పిండి మాడి తిన్న పిల్లలకు వాంతులయ్యాయి. మూకుట్లో వేపితే ఒక్క పూట తిండికి ఒక పూటంతా పట్టింది. సాయం బియ్యం హెలికాప్టర్లో పట్నం దాకా వచ్చిందన్నారు. రోడ్డు లేదు గనక మాదాకా రాలేదు.

నాలుగోరోజు పడవలు చెక్కే జెర్వే కంచె దగ్గర ఆగాడు. భుజాన మోటారు రంపం ఉంది. అందులో ఓ గంట పనికి సరిపడా పెట్రోలు ఉందని పేటంతటికీ తెలుసు, ఎందుకంటే మిగతా పెట్రోలంతా అతనే అందరి గుమ్మాల మీద చెట్లు కోయడానికి ఖర్చుపెట్టాడు.

"ఏం తాంతీ, మావయ్య సామాన్లు వరస పెడుతున్నావా? ఆ బస్సు సీట్లలో కూచుంటే పట్నం తీసుకెళ్తాయా?"

ఇక్కడ పెద్దవయసు ఆడవాళ్లను తాంతీ అంటారు, పిన్ని అన్నట్టు. ఆమె తల ఎత్తలేదు.

"నీ పడవ వెళ్లి కొబ్బరిచెట్టు మీద కూచుందటగా. ముందు దాన్ని దింపుకో పోరా."

"దింపుతాలే. పైనుంచి చేపలు కనపడతాయేమో చూస్తున్నా." కాసేపు నిలబడ్డాడు. "అయితే, ఇంకేం లేదా?"

"ఏముంటుంది?"

అతను రంపం భుజం మార్చుకుని వెళ్లిపోయాడు. ఆమె ఒక్కమాట అంటుందని చూశాడట. చనిపోయిన మొగుడి వస్తువులు మనసుతీరా సర్దుకుంటోంది, మధ్యలో మనం ఎందుకు అనుకున్నాడట. పేటంతా అలాగే అనుకుంది. నేనూ ఆ కంచె పక్కనుంచి రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ పలకరించాను. రెండుసార్లూ నడిచి వెళ్లిపోయాను.

తొమ్మిదోరోజు మధ్యాహ్నం ఆమె మాను కిందికి ఒక సొరంగంలాంటిది చేసుకుని దూరింది. అక్కడ, ఒకదానిమీద ఒకటి, మూడు బస్సు సీట్లు, వాటి కింద మంచం స్ప్రింగులు, వాటి కింద ఫ్రిజ్ తలుపు. చెట్టు బరువంతా ఆ సీట్ల మీద ఆగింది. తలుపు పక్కకు లాగితే పెనం. చిన్న చీలిక కూడా లేదు. బురద తుడిచి వేలితో కొట్టింది. మోగింది.

లోపలికి వెళ్లి గోడకు వేలాడుతున్న శంఖం తీసింది. అది ఒనెజీమ్ ఇంటికి కప్పు వేసినప్పుడు ఊదిన శంఖమే, మళ్లీ ఊదలేదు. మొదటిసారి గాలి తప్ప చప్పుడు రాలేదు. రెండోసారి వచ్చింది.

ఒక పావుగంటలో ఇరవైరెండు ఇళ్లూ వచ్చాయి. జెర్వే గంట పెట్రోలుతో చెట్టును నాలుగు ముక్కలు చేశాడు. ముప్పై చేతులు మానును దొర్లించాయి. పెనం బయటికి వచ్చి, మూడు రాళ్ల మీద కూర్చుని, కింద మంట అంటుకునేసరికి సాయంత్రమైనా కాలేదు. ఆమె ఎనిమిది రోజులు చేసిన పనికి పేటంతటికీ పట్టింది అంతసేపే. ఆడవాళ్లు బుట్టలు పట్టుకుని చేలకు పరిగెత్తారు.

తిరిగి రావడానికి తొందరపడలేదు.

ఒక్కో మొక్కా లాగితే దుంప చేతిలో జారింది. కోస్తే లోపల నీలం, గోధుమ, కొన్నిచోట్ల నలుపు, పులిసిన వాసన. ఆద్లిన్ అని క్లోతిల్డ్ తమ్ముడి కూతురు ఒకామె, ముప్పై ఏళ్ల మనిషి, తన చేనంతా తవ్వి ఒకే ఒక మంచి దుంప తెచ్చి పెనం పక్కన పెట్టింది. ఇరవైరెండు చేలు కలిపి మూడు బుట్టలు. మూడు బుట్టల్లోనూ కత్తితో సగం చెక్కి పారేశారు.

ఎవరూ ఏమీ అనలేదు. ముప్పై ఏళ్లుగా ఆమె వింటూ వచ్చింది అలాంటి నిశ్శబ్దాన్నే. ఈసారి ఆద్లిన్ ఉండబట్టలేకపోయింది.

"రెండోరోజే తెలుసా అత్తా నీకు?"

"మోగింది. ఏదో నాకు తెలీదు."

"మోగిందని చెప్తే వచ్చేవాళ్లం కదా!"

"ఏం పెట్టి పిలవనే? ఇంట్లో ఉప్పు తప్ప ఏముంది?"

జెర్వే రంపం తుడుస్తూ తలెత్తకుండా అన్నాడు: "నువ్వు పెట్టడానికి లేదన్న తిండే కదా తాంతీ, మా చేలల్లో కుళ్లిపోయింది. పిలిస్తే ఆ పెనమే పెట్టేది."

క్లోతిల్డ్ రెల్లు సంచికి రాళ్లు కట్టింది. పిండి రసం కారేదాకా ఆగి, మొదటి రొట్టె వేసి, తుంచి నోట్లో పెట్టుకుంది. అందరూ ఆమె తల వైపు చూశారు. చాలాసేపు నమిలింది. తల ఊపింది. తలా అరచేతి వెడల్పు ముక్క వచ్చింది. ఆమె ఇంక తినలేదు.

ఆ ఏడు మేం పట్నం నుంచి నెత్తిన మోసుకొచ్చిన బియ్యం తిన్నాం, తర్వాత అదీ కుదించుకు తిన్నాం. పెండలం కొమ్మలు నాటితే చేతికి రావడానికి పది నెలలు పడుతుంది. ఆ పది నెలలూ పెనం మీద మూత బోర్లించే ఉంది. ఒనెజీమ్ సామాను లోయలో పారబోస్తామంటే ఆమె సరే అంది, మూడు బస్సు సీట్లు తప్ప. వాటి రోజు వచ్చి వెళ్లిపోయిందని ఎవరో అంటే, "అవి వేళకి అక్కరకొచ్చాయి, నేనే రాలేదు," అందట.

ఇంకో పని కూడా చేసింది. పెనం దొరికిన మర్నాడు ఆమె శంఖాన్ని మళ్లీ లోపలి గోడకు తగిలించలేదు. వాకిట్లో గేటు గుంజకు, బయటివైపు, ఎవరి చేతికైనా అందే ఎత్తులో మేకు కొట్టి వేలాడదీసింది. తన పెరట్లో పని ఉందనిపిస్తే ఎవరైనా ఊదొచ్చు, తనను అడగనక్కర్లేదు అని జెర్వేతో చెప్పింది. ఇప్పటిదాకా దాన్ని ఎవరూ ఊదలేదు. వానకి లోపల నీళ్లు చేరతాయి. ఆ దారిన వెళ్లినప్పుడు ఒంపేసి, మళ్లీ తగిలించి పోతుంటాను.