డబ్బాలో పడ్డ సినిమా, దాని వెనక మేము

ఒక సినిమా కోసం నేను ఎక్కి దిగిన ఎర్రబస్సులను తలుచుకుంటే ఇప్పటికీ నడుము పట్టేస్తుంది. ఆ సినిమా విడుదలై ఉంటే ఒక్క ఆటలో చూసేసి, బాగుందనో బాగాలేదనో అనుకుని, ఇంటికి పోయి అన్నం తినేవాళ్ళం. విడుదల కాలేదు. అందుకని దాని వెనకబడి మా పడుచుదనమంతా బస్టాండుల్లో పోయింది.

మాది మెట్‌పల్లి. నేను బట్టల దుకాణంలో గుమస్తాని. డెబ్బైల మొదట్లో మా ఊళ్ళో ఒక హీరోకి అభిమాన సంఘం ఉండేది. పేరెందుకు లెండి, ఇప్పుడు చెప్పినా ఆయనెవరంటారు. కత్తి పట్టుకుని గుర్రమెక్కే జానపద సినిమాల్లో వేసేవాడు. పెద్ద హీరోల అభిమానులు మమ్మల్ని మనుషుల్లో జమ కట్టేవాళ్ళు కాదు. అయినా ఆయన పుట్టినరోజుకి మేము దవాఖానాలో పండ్లు పంచేవాళ్ళం, కొత్త సినిమా వస్తే రీళ్ళ డబ్బాలకు కొబ్బరికాయ కొట్టేవాళ్ళం. దస్తూరి బాగుంటుందని కార్యదర్శి పని నా నెత్తిన రుద్దారు. అధ్యక్షుడు సైకిల్ షాపాయన. సైకిళ్ళు కిరాయికిచ్చేవాడు, పంక్చర్లు వేసేవాడు. నాకంటే కొంచెం పెద్ద. నేను అన్నా అని పిలిచేవాణ్ణి, వాళ్ళావిడను వదినా అనేవాణ్ణి.

ఆదిలాబాద్ అడవుల్లో మా హీరో షూటింగు జరుగుతోందని ఒకరోజు తెలిసింది. దుకాణంలో పండగ గిరాకీ, నాకు సెలవు దొరకలేదు. అన్న మాత్రం షాపుకు తాళం వేసి అప్పటికప్పుడు బస్సెక్కాడు. వదిన అప్పుడు నిండు చూలాలు. ఒక్క రోజులో వస్తానని చెప్పి పోయిన మనిషి వారం దాటాక వచ్చాడు. వచ్చేసరికి వదినకు కాన్పయింది. ఆడపిల్ల. మంత్రసానిని పిలుచుకురావడానికి కూడా మొగదిక్కు లేక పక్కింటి ముసలాయన లాంతరు పట్టుకుని పోయాడట.

అన్న గడపలోనే నిలబడి, "నేను సిన్మల యాక్టు చేసిన" అన్నాడు. అది చెప్పే సమయమా అది?

ఆయన చెప్పింది ఇదీ. అక్కడ జనంలో నిలబడి చూస్తుంటే సినిమావాళ్ళు పిలిచి సిపాయి వేషం వేశారట. గుంపులో కాదు. కోట వాకిట్లో ఈటె పట్టుకుని ఒక్కడే ఉంటాడట. హీరో గుర్రం మీద దూరం నుంచి దౌడు తీస్తూ వచ్చి, దిగి, ఇతని భుజం తట్టి లోపలికి పోతాడట. వాన పడి ఆ ముక్క రోజూ వాయిదా పడుతూ వచ్చిందట. మధ్యలో వదిలేసి ఎట్లా వస్తాను అన్నాడు.  వదిన పసిపిల్లను ఒళ్ళోంచి తీసి గోడవైపు పడుకోబెట్టింది.

సినిమా పూర్తయిందని పత్రికల్లో వేశారు. తర్వాత మాట లేదు. మా హీరోవి అంతకుముందు వచ్చినవి వరసగా పోయాయి, కొనేవాళ్ళు లేరు. ఈలోగా రంగుల సినిమాలొచ్చాయి, నలుపూ తెలుపూ కత్తియుద్ధాలు ఎవరిక్కావాలి? అట్లా తీసి, విడుదల కాకుండా మూలపడ్డ సినిమాను డబ్బాలో పడ్డదంటారు. మాది డబ్బాలో పడ్డది. ఆ డబ్బా ఎక్కడ పడ్డదో ఎవరికీ తెలియదు.

హోటల్లో చాయ్ తాగేవాళ్ళకు అన్న మంచి కాలక్షేపమైపోయాడు. "ఏం సిపాయీ, నీ రాజ్యమెప్పుడొస్తది?" అని ఒకడు, "గుర్రం ఇంక రాలేనా?" అని ఒకడు. ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఊరు నమ్మకపోతే ఆయనకు ఫికరే లేదు. వదిన సంగతి వేరు. ఆమె ఒక్కనాడూ ఎగతాళి చేయలేదు, గొడవా పెట్టుకోలేదు. ఒకసారి బట్టలు కొనడానికి దుకాణానికొచ్చి, అందరూ పోయేదాకా ఆగి నన్నడిగింది.

"మరిదీ, గా వారం దినాలు ఈయన ఏడికి పోయిండో నిజం చెప్పు. ఇంకో ఇల్లు గిట్ల ఉన్నదా? ఉంటే ఉన్నదను. నేనేం లొల్లి పెట్ట."

నేను వెంట పోలేదు, కళ్ళతో చూడలేదు. "అన్న అసుంటోడు కాదు వదినా" అన్నాను. "నువ్వు సూడలే గద" అని, చీర మడత పెట్టి నా చేతికిచ్చి వెళ్ళిపోయింది. ఆ మాట నేను అన్నకు చెప్పాను. అప్పటిదాకా సినిమా దొరికితే బాగుండుననుకునేవాడు, ఆ రోజు నుంచి దొరికి తీరాలన్నాడు.

అట్లా మొదలైంది మా తిరుగుడు. కరీంనగర్‌లో, నస్పూర్‌లో, ఇంకా చిన్నా చితకా ఊళ్ళల్లో మా హీరో అభిమానులు తలా కొందరున్నారు. అందరికీ కార్డులు రాశాను. నెలకోసారి కరీంనగర్ బస్టాండులో కలిసేవాళ్ళం. ఫలానా చోట ఆ సినిమా ఉందట అని ఎవరో ఒకరు కబురు తెచ్చేవారు. వంతులేసుకుని పోయేవాళ్ళం. హైదరాబాదులో సినిమా కంపెనీల గల్లీలో మెట్లెక్కి దిగి, గుమస్తాలతో చీవాట్లు తిన్నాం. హీరోగారికే ఉత్తరం రాస్తే సంతకం చేసిన ఫొటో పంపించాడు. మేమడిగింది ఫొటో కాదు. మద్రాసు పోతే, పెట్టుబడి పెట్టినాయన డబ్బాలు ఎప్పుడో తీసుకుపోయాడన్నారు. ఆయనెవరో, ఏ ఊరో చెప్పే నాథుడు లేడు.

ఒకసారి జగిత్యాల అవతల ఒక టూరింగు టాకీసులో మా సినిమా ఆడుతోందని తెలిసి, ఎర్రటి ఎండలో బస్సు టాపెక్కి పోయాం. పేరు కొత్తది, గోడ మీద బొమ్మ కొత్తది. కొబ్బరికాయ కొట్టి లోపల కూచున్నాం. మొదటి సీనులోనే తెలిసిపోయింది. మేమెన్నోసార్లు చూసిన పాత సినిమాకే పేరు మార్చి ఆడిస్తున్నారు. అన్న చివరిదాకా చూశాడు. ఎందుకన్నా అంటే, "ఏమో, నడిమిట్ల మనది గిట్ల కలిపిండ్రేమో" అన్నాడు. 

ఏళ్ళు పోయాయి. మా హీరో వేషాలు మానుకున్నాడు. ఇళ్ళల్లోకి టీవీలొచ్చాయి, గల్లీకో వీడియో దుకాణం వచ్చింది. సంఘంలో కొందరికి పెళ్ళిళ్ళై సంసారాల్లో పడ్డారు, కొందరు వేరే హీరోల దగ్గరికి పోయారు. ముగ్గురం మిగిలాం. అన్న, నేను, నస్పూర్‌లో బొగ్గుబాయి పని చేసే ఒకాయన. ఈయన వారానికొక్క సెలవును కూడా మా తిరుగుడుకే పెట్టేవాడు. దగ్గుతూ వచ్చేవాడు, దగ్గుతూ పోయేవాడు.

నాకు విసుగొచ్చింది. దాచుకోవడమెందుకు, ఆ సినిమా పేరెత్తితే తలనొప్పి వచ్చేది. "అన్నా, ఇగ ఇడువు" అన్నాను ఒకరోజు. ట్యూబు నీళ్ళల్లో ముంచి గాలెక్కడ పోతోందో చూస్తూ, తలెత్తకుండానే జవాబిచ్చాడు. "నువ్వు ఇడువు. నీకేమైతది? నీ పెండ్లాం నిన్ను నమ్ముతది."

ఆ మాట తర్వాత నేను విడవలేదు.

దొరికింది చివరికి. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకాలని మా మొఖాన రాసిపెట్టి ఉంది. నస్పూరాయన చెల్లెలికి సంబంధం చూడటానికి ఆదిలాబాద్ పోయాడు. పిల్లవాడు జిన్నింగు మిల్లులో పనిచేస్తాడంటే అక్కడికెళ్ళాడు. పత్తి బోరాలు పెట్టిన గది తలుపు గాలికి మూసుకోకుండా తుప్పు పట్టిన రేకు డబ్బా ఒకటి అడ్డం పెట్టి ఉంది. సినిమా డబ్బాను మా వాళ్ళు చీకట్లోనైనా గుర్తుపడతారు. తుడిచి చూస్తే మా సినిమా పేరు. మిగతావి లోపల బోరాల వెనక ఉన్నాయి. ఆ మిల్లు సేటే పెట్టుబడి పెట్టినాయన. షూటింగు జరిగింది ఆయన ఊరి పక్కనే, డబ్బాలు చేరింది ఆయన మిల్లుకే. మేమేమో మద్రాసు దాకా పోయాం.

ముగ్గురం పోయి అడిగితే సేటు మమ్మల్ని పైకీ కిందికీ చూశాడు. "న్యా రే బాబా, న్యా!" అని మరాఠీలో అని, మళ్ళీ తెలుగులోకి వచ్చాడు. "తీస్కపోండ్రి. గా సిన్మ పేరు నా ముంగట మల్ల తియ్యకుండ్రి." పెళ్ళి సంబంధం మాత్రం కుదరలేదు.

మెట్‌పల్లిలో సినిమా హాలు యజమాని ఆదివారం పొద్దుటి ఆటకు ఒప్పుకున్నాడు. డబ్బాలకు పసుపూ కుంకుమా పెట్టి, పూలదండలేసి, తోపుడు బండి మీద బస్టాండు నుంచి డప్పులతో ఊరేగించాం. పాత సభ్యులు బట్టతలలతో, పిల్లలతో వచ్చారు. హోటల్ వాళ్ళూ వచ్చారు, నవ్వడానికి. వదిన కూడా వచ్చింది. పెళ్ళైన కూతుర్ని వెంటబెట్టుకుని ఆడవాళ్ళ క్లాసులో ముందు వరసలో కూచుంది. అన్న అటువైపు చూడటానికే భయపడ్డాడు. "గుర్రమచ్చుడు, నేను కనవడుడు" అని నా చెవిలో గొణిగాడు. 

పాత రీలు, తెర నిండా గీతలు, బొంగురు పోయిన మాటలు. కొంతసేపటికి దూరంగా దుమ్ము లేచింది. గుర్రం. గుర్రం మీద మా హీరో, పడుచువాడు, కత్తి తిప్పుతూ వస్తున్నాడు. హాలు లేచి నిలబడింది. కాయితం ముక్కలు ఎగిరాయి, తెర ముందు కర్పూరం వెలిగింది. ఎవడో "వన్స్ మోర్!" అని కేక పెట్టాడు.

మా దగ్గర అదొక ఆచారం. హీరో వచ్చే ముక్క మళ్ళీ చూపించమని అభిమానులు అరిస్తే ఆపరేటరు ఆపి, రీలు వెనక్కి తిప్పి మళ్ళీ వెయ్యాలి. లేకపోతే కుర్చీలు విరుగుతాయి. బెంచీ ఎక్కి, చొక్కా విప్పి తిప్పుతూ, అందరికంటే గట్టిగా వన్స్ మోర్ అని అరిచింది ఎవరనుకున్నారు? మా అన్నే. ఇంకొక్క నిమిషం ఊరుకుంటే తెర మీదికి తనొస్తాడు. ఆ సంగతే మరిచిపోయాడు. ముందు అభిమాని, ఆ తర్వాతే మొగుడు.

"పాత రీలు, తెగుతది, వద్దు!" అని ఆపరేటరు కిటికీలోంచి మొత్తుకున్నాడు. వినేవాడెవడు? బొమ్మ ఆగింది. వెనక్కి తిప్పాడు. మళ్ళీ దుమ్ము, మళ్ళీ గుర్రం. హీరో మొఖం దగ్గరికొచ్చి ఆగిపోయింది. చెంప మీద గోధుమరంగు మచ్చ పడింది, పెద్దదైంది, మొఖమంతా పాకింది. తర్వాత ఉత్త తెల్ల తెర. కాలిన వాసన వచ్చింది. ముట్టుకుంటే ముక్కలైతుంది, ఈ రీలు ఇక వెయ్యనన్నాడు ఆపరేటరు. తర్వాతి రీళ్ళు వేశాడు. హీరో రాజ్యం గెలిచాడు, రాజకుమారిని చేసుకున్నాడు. సిపాయి ఎక్కడా లేడు. "సిపాయి ఏడి?" అని వెనక నుంచి ఒకడు అరిస్తే హాలంతా నవ్వింది.

నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. "గంత ఆగవా, ఒక్క నిమిషం ఆగవా?" అని అన్నను హాలు ఆవరణలో నిలదీశాను. ఆయన అరుగు మీద కూలబడి ఉన్నాడు. "హీరో సారును చూసేసరికి ఆగలేకపోయిన్రా" అన్నాడు. వదిన కూతురితో వచ్చి కొంచెం దూరంలో నిలబడింది.  

ఆపరేటరు ఆ రీలు తెచ్చి నస్పూరాయన చేతిలో పెట్టాడు. "ఇది ఇగ ఏడ ఆడది, మీరే ఉంచుకోండ్రి" అన్నాడు. నస్పూరాయన కాలిన చోటు దాటి మెల్లగా విప్పి, ఎండకు పట్టి చూశాడు. గుర్రం, గుర్రం, గుర్రం. తర్వాత కోట. వాకిట్లో ఈటె పట్టుకుని ఒక మనిషి. చిటికెన వేలి గోరంత బొమ్మలో నువ్వు గింజంత మొఖం, దాని మీద టోపీ, కింద పెట్టుడు మీసం. నేను చూశాను, తెలియలేదు. అన్న తీసుకుని చాలాసేపు చూసి, "నాకే గుర్తువడ్తలేదు" అని తల దించుకున్నాడు.

వదిన వచ్చి ఆ ముక్క ఆయన చేతిలోంచి తీసుకుంది. ఎండకెత్తి, ఒక కన్ను మూసి చూసింది. జరిపి పక్క బొమ్మ చూసింది. 

"సిపాయైనోడు ఎవడన్న గిట్ల నిలవడ్తడా? ఒక కాలెత్తి ఇంకో మోకాలుకు ఆనిచ్చి, కొంగ లెక్క! షాపు ముంగట గాలి పంపు వట్టుకొని గిట్లనే నిలవడ్తవు. ఎన్నిసార్లు చెప్పినా సక్కగ నిలవడవు." కూతురికి కూడా చూపించింది. "సూడు బిడ్డా, మీ బాపే."

 అన్న మొఖం తువాలులో పెట్టుకున్నాడు. వదిన ఆయన పక్కనే అరుగు మీద కూచుంది. వాళ్ళిద్దరూ అట్లా నలుగురిలో పక్కపక్కన కూచోవడం నేనెప్పుడూ చూడలేదు.

"నువ్వు చెప్పినవు" అంది మెల్లగా. "నేనే నమ్మలే."