రెండువైపులా అరిగిన గిటార్

మావ పోయిన సంగతి నాకు ఆయన గిటార్ అమ్మకం ప్రకటన చూసి తెలిసింది. ఇది తప్పు. ఈ గ్రూపులో ఉన్న మన రైల్వే తెలుగువాళ్లందరికీ మొహం మీదే చెప్తున్నాను. పనికని ఊరు వదిలి తఖత్‌పూర్‌లో ఉన్నాను. అన్నం డబ్బా తెరిచి ఫోను చూస్తుంటే ఆ గిటార్ ఫొటో కనబడింది. కింద హిందీలో రాసి ఉంది: చాచా ఇక లేరు, ఇంట్లో వాయించేవాళ్లు లేరు, తీగలు ఉల్టాగా ఉన్నాయి, సరిచేయించి పాలిష్ పెట్టించి ఇస్తాం. అప్పటికే దహనం అయిపోయింది. నాకు ఎవరూ ఒక్క ఫోను చేయలేదు.

ప్రకటన పెట్టింది మావ అన్నగారి కొడుకు. మన ఊరి శివార్లలో, మోప్కాలో ఉంటాడు. ఫోను చేశాను.

"అచ్ఛా, నువ్వా! అంత గరమెందుకు అవుతావు?"

"పాలిష్ పెట్టించకండి అన్నా. తీగలు మార్చకండి."

"అరే, ఉల్టా గిటార్ ఎవడు కొంటాడు? శనివారం షాపోడు వచ్చి పట్టుకుపోతాడు. అయినా నువ్వు ఆయనకి ఏటవుతావు?"

ఫోను పెట్టేశాను. ఇప్పుడు మీ అందరి ముందూ చెప్తాను.

చుట్టాన్ని కాను. మావ రైల్వే యార్డులో బోగీలు విడదీసి కలిపే షంటింగ్ డ్యూటీ చేసేవారు. ఊరు విడిచి వెళ్లిపోతున్న ఒక డ్రైవరు ఆ గిటార్ ఆయనకిచ్చి పోయాడట. మన పెళ్లిళ్లలో ఆయన వాయిస్తుంటే చప్పట్లు కొట్టింది మీరే. రెండు బోగీల మధ్య కప్లింగులో పడి ఎడమచేతి వేళ్లు నలిగిపోయాక మళ్లీ పిలవనిదీ మీరే. తీగలు నొక్కే చెయ్యి పోయింది, ఇంకేం వాయిస్తాడులే అనుకున్నారు.

ఆయన తీగలన్నీ విప్పి తిరగేసి బిగించారు. కుడిచేత్తో నొక్కడం, మిగిలిన ఎడమచేత్తో మీటడం మళ్లీ మొదటినుంచి నేర్చుకున్నారు. అందుకే ఆ చెక్క రెండువైపులా అరిగింది. ఒకవైపు చెయ్యి పోకముందు అరిగినది, రెండోవైపు పోయాక అరిగినది. పాలిష్ పెడితే రెండూ పోతాయి.

"సేయి పోనాదని పాట ఆగిపోద్దేటి? రెండో సేయి ఖాళీగానే ఉంది కదరా," అనేవారు. ఆ మాట అన్నప్పుడు కూడా నవ్వేవారు కాదు.

రిటైరై క్వార్టరు ఖాళీ చేశాక తోర్వా బస్తీలో ఒక గదిలో ఉన్నారు. షెడ్డులో వెల్డింగు పని అయ్యాక నేను నా చవక గిటార్ పట్టుకుని వెళ్లేవాణ్ని. ఎదురెదురుగా రెండు కుర్చీలు. ఆయనది ఉల్టా కాబట్టి, నాకు అద్దంలో చూసుకుంటున్నట్టే ఉండేది. ఆయన వేలు ఎటు కదిలితే నా వేలూ అటే. పుస్తకం లేదు, క్లాసు లేదు. భయపడి సన్నగా మీటితే కసిరేవారు: "గట్టిగా కొట్రా! తప్పు నాకు వినబడకపోతే ఏటి దిద్దమంటావు?"

ఎండాకాలం వస్తే కిటికీకి తడి గోనె కట్టేవారు. తన కోసం కాదు. "నాకు సెమట ఆరితే సల్లగుంటాది. దీనికి తడి ఆరితే పగిలిపోద్ది," అనేవారు. ఇప్పుడు ఆ గదికి తాళం. గోనె ఎండి అట్టలా వేలాడుతోంది.

సంగతి తెలిసి నేను వెళ్లేసరికి పక్క గది అక్క గుమ్మంలో ఉంది. "నువ్వు ఊర్లో నేవని తెలిసినా సాయంత్రం రెండో కుర్చీ ఏసీవోరు బాబూ," అంది. "ఎవురొత్తారు మావా అంటే, ఎదురుగా ఎవుడూ నేకపోతే సేయి తప్పుద్దమ్మా అనీవోరు." ఆ కుర్చీ నేను ఖాళీగా ఎప్పుడూ చూడలేదు. ఆయన రోజూ చూశారు.

అన్నా, ఆ గిటార్ నాకు అమ్మండి. మీరు చెప్పిన ధరకే, ఒక్క తీగ కూడా విప్పకుండా. ఉల్టా తీగల మీద నాకు వాయించడం రాదు. రాకపోయినా కావాలి. మోప్కా అన్నకు తెలుగు చదవడం రాదు, తెలిసినవాళ్లు ఎవరైనా ఇది చదివి వినిపించండి. అవునో కాదో, శుక్రవారం నేను డ్యూటీ దిగేలోగా నాకు చెప్పాలి.