చెవులు కుట్టిన ఫోటో

కదిరమ్మకు కోపం ముక్కుమీదే ఉంటుందని యలహంక పాత ఊళ్లో తెలియనివాళ్లు లేరు. పెండ్లిళ్లకు ఒబ్బట్లు చేసిపెట్టడం ఆమె పని. ఆమె పెనం ముందు కూర్చుందంటే వంటమేస్త్రీ కూడా కాస్త పక్కకు తప్పుకుని నడుస్తాడు. అలాంటి మనిషి ఒక్కడి దగ్గర మాత్రం వెన్నలా కరిగిపోయేది. వాడు తమ్ముడు మోహన్‌కుమార్. తల్లి పోయేనాటికి వాడింకా పాలు మరవని పసిగుడ్డు. చంకనేసుకుని పెంచింది. పెద్దయ్యాక కూతురు ఆశను వాడికే ఇచ్చి చేసింది. మేనమామకు పిల్లనివ్వడం వాళ్లలో కొత్తేం కాదు. ఇవ్వకుంటేనే తప్పు. ఇంట్లో మగపిల్లాణ్ణి పెట్టుకుని బయట సంబంధం వెతికితే నలుగురూ ముఖం మీదే అడిగేవాళ్లు.

మోహన్ విమానమెక్కి 'ఆడ' వెల్డింగు పనికి పోయి పర్మనెంట్ రెసిడెన్సీ తెచ్చుకున్నాడు. 'ఆడ' అంటే ఏ దేశమో కదిరమ్మ ఎన్నడూ పేరు పెట్టి అనలేదు. సెలవు మీద వచ్చి తాళి కట్టాడు, వీసా పెట్టి పిలిపించుకుంటానని తిరిగి పోయాడు. వీసా ఇంటి గడప దాకా వచ్చేసినట్టు ఆశ చేత ఎలక్ట్రానిక్ సిటీలో బంగారంలాంటి ఉద్యోగం మాన్పించాడు కూడా. కదిరమ్మకు అది నచ్చలేదు. తమ్ముడు కదా అని నోరు మూసుకుంది.

కాగితాల పని చూసే ఏజెంటు శశిధర్‌ది హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఆఫీసు. గదంతా అద్దాలు, మనిషంతా సెంటు. "పెళ్లి నిజమైనదేనని ప్రూఫులు కావాలమ్మా. ఫోటోలు, మెసేజీలు, ఎన్నేళ్ల పరిచయమో, అన్నీ ఇవ్వండి" అన్నాడు.

కదిరమ్మకు ఒళ్లు మండిపోయింది. "నిజం పెండ్లి కాకపోతే బొమ్మల పెండ్లి చేసినామా అప్పా?" అంది. ఇంటికొచ్చి ట్రంకుపెట్టె అడుగు నుంచి ఒక ఫోటో లాగింది. ఆశకు చెవులు కుట్టిన నాటిది. పిల్లను మేనమామ ఒళ్లో పెట్టుకుంటేనే కదా కుట్టేది! మీసం ఇంకా రాని మోహన్, వాడి ఒళ్లో గుక్కపట్టి ఏడుస్తున్న ఆశ, పక్కన బెల్లంముక్క చూపిస్తూ తను. "ఇంతకన్నా సాక్ష్యం ఏముండాది? పుట్టినప్పట్నుంచి ఎరిగినోడు. ఇది కూడా పెట్టు" అని పట్టుబట్టింది. ఆశకూ ముచ్చటేసింది, పంపింది. శశిధర్ దాన్ని కన్నెత్తి చూసిన పాపాన పోలేదు. అన్నిటితో పాటు ఆన్‌లైన్‌లో ఎక్కించేశాడు.

ఇంటర్వ్యూకు చెన్నై రమ్మన్నారు. అద్దం అవతల కూర్చున్న ఆవిడ ఫోటోలన్నీ చకచకా తిప్పి, దీని దగ్గర ఆగింది. ఈ పాప ఎవరంది. నేనే అంది ఆశ. ఈ అబ్బాయి ఎవరంది. మా ఆయనే అంది ఆశ. మీ ఆయన ఒళ్లో మీరెందుకున్నారంది. మా అమ్మకు సొంత తమ్ముడు కదా, మేనమామ ఒళ్లోనే కూర్చోబెడతారని ఆశ నవ్వుతూ చెప్పింది. అవతల ఆవిడ నవ్వలేదు.

కొన్నాళ్లకు జవాబొచ్చింది. మేనమామా మేనకోడలూ చేసుకున్నది తమ చట్టం ప్రకారం పెండ్లే కాదట. భార్యగా వీసా ఇవ్వరట.

కదిరమ్మ సరాసరి హెచ్‌ఎస్‌ఆర్‌కు పోయి శశిధర్ బల్ల మీద అరచేత్తో ఒక్కటి చరిచింది. "చుట్టరికమేందని ఒక్క మాట అడిగితివా నువ్వు?"

"మీరు చెప్పాలి కదమ్మా. సొంత మామనే చేసుకుంటారని నాకేం కల వస్తుందా? వినడానికే అసహ్యంగా ఉంది."

"ఫీజు తీసుకునేటప్పుడు అసహ్యం కాలేదేమప్పా?" అని అందరూ వినేట్టు అనేసి వచ్చింది. ఏం లాభం? కోపం చల్లారలేదు. ఇంట్లో ఆశ తల్లితో మాట్లాడటం మానేసింది. ఫోటో పెట్టమన్నది ఈమే కదా మరి.

కదిరమ్మ ఒబ్బట్లకు పిండి పిసుకుతుండగా మోహన్ ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టింది. తమ్ముడు ధైర్యం చెబుతాడనుకుంది, పిచ్చి మనిషి.

"నా కొంప ముంచితివి గదక్కా. అక్క కూతుర్ని కట్టుకున్నానని తెలిస్తే ఈడ నా పరువు పోతాది, ఎవురడిగినా నాకు అక్కే లేదని చెప్తాండా. నీకు ఫోన్ వస్తే నువ్వూ అట్లే చెప్పు."

"చెప్తాలే. ఆశ సంగతేంది?"

"అదే ఆలోచించినా. ఈడ చట్టం మాకు పెండ్లే కాలేదంటాది. అట్లయినప్పుడు పిల్లను కట్టేసి ఉంచేదెందుకు? దానికీ వయసుండాది. ఎవుర్నన్నా చూడు. నేనూ చూసుకుంటా."

"ఇంక చూసుకునేదేంది, అప్పుడే చూసేసుకున్నావా?"

"ఈడ ఒకామె ఉండాది" అన్నాడు.

"నా చంకలో పెరిగి నా కడుపు మీదే తంతివి గదరా" అంది కదిరమ్మ. "వాళ్లు కాదన్నందుకు నీకు ఏడుపు రాలేదు. దారి దొరికిందని సంబరపడితివి." ఇంకేదో చెప్పబోయాడు, కోపపడితే పనులు కావన్నాడు. ఆమె ఫోన్ పెట్టేసింది. తిన్నగా పెట్టె దగ్గరికి పోయి, ఆ ఫోటో తీసి పొయ్యి మీదికి చాచింది.

స్పీకర్‌లో అంతా విన్న ఆశ వచ్చి తల్లి చెయ్యి పట్టుకుంది. ఇన్నాళ్లకు నోరు విప్పింది. "కాల్చొద్దు మా. అది నాకు కావాల."

"దీనివల్లే గదే నీ బతుకిట్లయ్యింది."

"మా పెండ్లి ఆడ చెల్లకుంటే పోనీ. ఈడ చెల్లుతాది." ఫోటోకంటిన పిండి చున్నీతో తుడిచింది. పెండ్లి ఫోటోలు, మెసేజీలు పెట్టిన ఫైలులోనే దాన్నీ దోపింది. "పెండ్లి నిజమేనని ప్రూఫులన్నీ ఏరి పెట్టమన్నది ఆ ఏజెంటే గదా, పెట్టినాము. అవే తీసుకుని లాయరు దగ్గరికి పోదాం. వాడు ఇంకో తాళి ఎట్లా కడతాడో చూస్తా. నువ్వు సాక్షివి. ముందే చెప్పు, వాడి అక్కగా వస్తావా, నాకు అమ్మగా వస్తావా?"

కదిరమ్మ పొయ్యి ఆర్పింది. చేతులు కడుక్కుంది.

"వాడికి అక్క లేదని వాడే అన్నాడు గదే. ఇంక మిగిలింది మీయమ్మే. పద" అంటూ చెప్పులేసుకుంది.